రిటైరయ్యాక ఆరొందలకు పైగా గ్రహశకలాలు కనిపెట్టాడాయన

సంపాదకులకు నమస్కారం.

గ్రహశకలం వార్త వచ్చిందంటే చాలు, 'భూమి వైపు దూసుకొస్తోంది' అన్న హెడ్డింగే. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. మొన్న అలాంటిదే చదివి 'నాన్నా, మన మీద పడుతుందా' అంటూ నిద్రపోయేదాకా టెన్షన్ పడింది. లోపల చదివితే అది చంద్రుడికన్నా ఎన్నో రెట్లు దూరం నుంచి వెళ్లిపోతోందట! అసలు ఆ రాళ్లను ఎవరు, ఎలా కనిపెడతారో మాత్రం ఎక్కడా రాయరు. అది కూడా రాయండి సార్, ఈ ఉత్తరం అందుకే.

పాల్ కోంబా అని ఒకాయన ఉండేవారు. ఐబీఎంలో పనిచేసిన లెక్కల మనిషి. రిటైరయ్యాక అమెరికాలోని అరిజోనాలో, ప్రెస్కాట్ అనే ఊళ్లో సొంతంగా చిన్న అబ్జర్వేటరీ కట్టుకున్నారు. టెలిస్కోపు అద్దం అర మీటరు వెడల్పు కూడా లేదు. 1995లో, అంటే డెబ్బై ఏళ్లకు దగ్గర పడ్డాక మొదలుపెట్టి, 2003 కల్లా ఆరొందలకు పైగా గ్రహశకలాలు కనిపెట్టారు.

పని వినడానికి తేలికే. ఆకాశంలో ఒకే చోటును కొంతసేపు ఆగి ఆగి మూడుసార్లు ఫొటో తీసి, కంప్యూటర్లో ఒకదాని వెంట ఒకటి తిప్పి చూడాలి. నక్షత్రాలన్నీ ఉన్నచోటే ఉంటాయి, ఒక్క చుక్క మాత్రం కొంచెం కొంచెం జరుగుతుంది. అలాంటి ఫొటోలు మా అమ్మాయికి చూపించాను, మూడోసారి తిప్పేసరికి 'అదిగో, అది కదిలింది' అని వేలు పెట్టి చూపించింది, ఆ చుక్క సూదిమొనంత కూడా లేదు. అయితే కదిలే చుక్క కనిపిస్తే సరిపోదు. అది ఇంతకుముందే తెలిసినదేమో చూసుకోవాలి, మరికొన్ని రాత్రులు వెంటపడాలి, కొలతలు మైనర్ ప్లానెట్ సెంటర్‌కు, అంటే ప్రపంచమంతటి గ్రహశకలాల లెక్కలు చూసే సంస్థకు, పంపాలి. కక్ష్య గట్టిగా తేలి దానికో నంబరు రావడానికి ఏళ్లు పడుతుంది. అప్పుడు గానీ పేరు సూచించే హక్కు రాదు. కోంబా తన వాటిలో చాలావాటికి గణిత శాస్త్రవేత్తల పేర్లే పెట్టించారు, వైయర్‌స్ట్రాస్, మాండెల్‌బ్రాట్ అలా ఆకాశంలో చేరినవాళ్లే.

ఇప్పుడు ఆకాశాన్ని జల్లెడ పట్టే పెద్ద సర్వేలు వచ్చేశాయి, నిజమే. చిలీలోని రూబిన్ అబ్జర్వేటరీ 2025లో మొదట చూపించిన ఫొటోల్లోనే, పది గంటలపాటు తీసిన వాటిలో, 2,104 కొత్తవి దొరికాయి. అయినా ఒక పెద్దాయన ఒంటరిగా కూర్చుని చేసిన పని విలువ నా దృష్టిలో ఇసుమంతైనా తగ్గలేదు.

మనకిది కొత్తేమీ కాదు. మా విశాఖలో, డాబాగార్డెన్స్‌లో, 1840లోనే గోడే వెంకట జగ్గారావు గారు సొంత అబ్జర్వేటరీ పెట్టుకున్నారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు దాన్ని నడిపి, 1874లో సూర్యుడి మీదుగా శుక్రుడు దాటడం కూడా చూశారు. ఆ వీధుల్లో రోజూ తిరిగే పిల్లల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

ఈసారి గ్రహశకలం వార్త వేసేటప్పుడు అది ఎంత దూరం నుంచి పోతోందో హెడ్డింగ్‌లోనే చెప్పండి, కింద నాలుగు లైన్లు దాన్ని పట్టుకున్నవాళ్ల గురించి వేయండి. ఆదివారం సంచికలో జగ్గారావు గారి మీద ఒక పేజీ వేస్తే మా అమ్మాయి స్కూల్లో నోటీసు బోర్డుకు నేనే అంటిస్తాను.

- ఒక పాఠకుడు, విశాఖపట్నం