ష్నీబెర్గ్ ఎక్కబోతున్న బిడ్డకు

బిడ్డా,

దోస్తులతో కలిసి ష్నీబెర్గ్ ఎక్కుతున్నానని నువ్వు చెప్పగానే మీ అమ్మ స్వెటర్ల గురించి అడిగింది. నేను ఆ కొండ గురించి చదవడం మొదలుపెట్టిన. ఆల్ప్స్‌లో, ఇటలీ దక్షిణ టిరోల్‌లో ఉన్న పాత గని అది. సింగరేణిలో బాయి దిగినోణ్ని, ఊరుకుంటనా?

అక్కడి వెండి మాట 1237 నాటి పత్రంలోనే ఉందట. అప్పుడు మన ఓరుగల్లులో గణపతిదేవుడు రాజు. వెండి, సీసం కోసం తవ్వేవాళ్లకు జింకు ఖనిజం అడ్డమొచ్చేది, పనికిరాదని బయట పారబోసేవాళ్లు. 1870ల తర్వాత ఆ జింకు కోసమే గని మళ్లీ తెరిచారు. వెనకటివాళ్లు పారేసిన గుట్టలు కూడా ఏరుకున్నారు! మన ఓబీ గుట్టల్లో, అంటే బొగ్గు కోసం తవ్వి పోసిన మట్టి గుట్టల్లో, ఏముందో ఎవరికి తెలుసు.

2,355 మీటర్ల ఎత్తున సెయింట్ మార్టిన్ అని కార్మికుల ఊరే ఉండేది. మేం షిఫ్టు అయిపోతే ఇంటికొచ్చేవాళ్లం. వాళ్లు చలికాలమంతా మంచులో అక్కడే. 1985లో పని పూర్తిగా ఆగింది. ఇప్పుడక్కడ మీలాంటోళ్లు తిని పడుకోవడానికి హట్ ఉంది.

అసలు మాట ఇది. దారి పక్కన పాత సొరంగం నోరు తెరిచి కనబడితే, ఫోటో కోసమైనా లోపలికి అడుగుపెట్టకు. గాలి ఆడని చోట ఆక్సిజన్ తగ్గిపోతుంది. వాసన రాదు, కళ్లు మండవు, మనిషి ఉన్నట్టుండి కూలబడతాడు. లాగుదామని ఉరికిన రెండోవాడూ అక్కడే పడతాడు. ఇక పైకప్పు. మేం పనికి ముందు కడ్డీతో తట్టి వినేవాళ్లం. గట్టి రాయి ఖంగున మోగుతుంది, విడిన రాయి డప్పులా బోలుగా పలుకుతుంది. వదిలేసిన గనిలో తట్టేవాడెవడు? లోపల చూడాలనుంటే కొండకు రిడ్నౌన్ లోయ వైపున్న గని మ్యూజియం వాళ్లు గైడ్‌ను ఇచ్చి, హెల్మెట్ పెట్టి తీసుకెళ్తారు. ఎంత టికెట్ అయినా కొను.

మిగతావి నీకు తెలిసినవే. రాళ్ల మీద దారి చూపే ఎరుపు తెలుపు గుర్తులుంటాయి, వాటిని విడిచి పక్కకు పోకండి. పొద్దున్నే బయల్దేరండి, ఎండాకాలం మధ్యాహ్నం దాటితే అక్కడ ఉరుములు మెరుపులు. ఆపదొస్తే 112. కొత్త బూట్లు ఇప్పట్నుంచే వేసుకుని తిరుగు, లేకుంటే కొండ మీద కాళ్లు బొబ్బలెక్కుతాయి.

దిగినంక ఫోన్ చెయ్, మాకు అర్ధరాత్రి అయినా సరే. సొరంగాల సంగతి మాత్రం మీ అమ్మతో అనకు. టెన్షన్‌తో నన్ను పడుకోనియ్యదు.

మీ బాపు