కిరోసిన్ చిట్కాకు ఒక సవరణ

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ పత్రికలో పాత వాహనాల సంరక్షణ గురించి వేసిన చిట్కాలు చదివాను. మూడో చిట్కా దగ్గర ఆగి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాను. ఇంజిన్‌లో మడ్డి పేరుకుంటే పాత ఆయిల్‌లో అరలీటరు కిరోసిన్ కలిపి, పది నిమిషాలు ఇంజిన్ నడిపి ఆ ఆయిల్‌ను దించేయమని, దాంతో శబ్దం కూడా తగ్గుతుందని అందులో ఉంది. నాలుగేళ్ల క్రితం ఆ చిట్కాను నేను అక్షరం పొల్లుపోకుండా పాటించాను. ఆ తర్వాత ఏం జరిగిందో మీ పాఠకులకు చెప్పడానికే ఈ ఉత్తరం.

నేను 31 ఏళ్లు రసాయనశాస్త్రం బోధించి రిటైరయ్యాను. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, సిగ్గుపడుతూ చెబుతున్నాను. కిరోసిన్ దేన్ని కరిగిస్తుందో, దేన్ని కరిగించలేదో ఏటేటా పరీక్షనాళికలో పోసి పిల్లలకు చూపించిన మనిషిని. అయినా నా కారు దగ్గరికి వచ్చేసరికి ఆ పాఠం గుర్తుకు రాలేదు.

అప్పటికి కారు వయసు 22 ఏళ్లు. ఉదయం స్టార్ట్ చేయగానే ఇంజిన్‌లో ఒక పక్క నుంచి టకటకమని శబ్దం వచ్చేది. కాసేపటికి దానంతట అదే సద్దుమణిగేది. ఆయిల్ పోసే మూత విప్పితే లోపలివైపు నల్లటి మడ్డి, వేలితో రాస్తే గీత పడేంత మందంగా ఉంది. శబ్దం వినబడుతోంది, మడ్డి కనబడుతోంది. రెండింటికీ సంబంధం ఉండే ఉంటుందని తేల్చేసుకున్నాను. తెలిసినవాళ్లను అడిగితే అందరిదీ ఒకటే మాట, కిరోసిన్.

కొలవకుండా ఏదీ పోసే అలవాటు లేదు కనుక కొలిచే పోశాను. ఐదు వందల మిల్లీలీటర్లు. యాక్సిలరేటర్ ముట్టుకోకుండా, గడియారం చూసుకుంటూ పది నిమిషాలు నడిపాను. డ్రెయిన్ బోల్టు విప్పితే కారినదంతా తారులా ఉంది. అది చూసి ఎంత మురిసిపోయానో! కొత్త ఫిల్టర్ వేసి కొత్త ఆయిల్ పోశాను. రెండు రోజులు శబ్దం తగ్గిందనే అనుకున్నాను. తగ్గాలని కోరుకునే చెవికి తగ్గినట్టే వినిపిస్తుంది కదా. ఆరో రోజు ఒక వంతెన ఎక్కుతుండగా ఆయిల్ ప్రెషర్ దీపం వెలిగింది. వెంటనే పక్కకు తీసి ఇంజిన్ ఆపేశాను. ఆ వారం మొత్తంలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

బండిని లాగించుకుని వెళితే మెకానిక్ ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ విప్పి, జాలీ తీసి నా చేతిలో పెట్టాడు. పంపు ఆయిల్‌ను పైకి పీల్చుకునే గొట్టం చివర ఉండే చిన్న జల్లెడ అది. దాని కన్నాల్లో సగానికి పైగా నల్లటి పెచ్చులతో పూడుకుపోయి ఉన్నాయి. “అమ్మా, మీరు మడ్డిని కడగలేదు. గోడల మీద ఉన్నదాన్ని ఊడదీసి దీని నోట్లో కుక్కారు” అన్నాడు. నా 31 ఏళ్ల సర్వీసులో ఒక్క పాఠాన్నీ అంత క్లుప్తంగా చెప్పలేకపోయాను.

ఆయన అన్నదానికి నాకు తెలిసిన కాస్త వివరణ చేరుస్తాను. వేడికి ఆయిల్ ఆక్సిజన్‌తో కలిసి చిక్కబడుతుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ ఆ చర్య వేగం సుమారు రెండింతలవుతుంది. దానికి మసి, సగం కాలిన పెట్రోలు, నీరు తోడైతే తయారయ్యేదే మడ్డి. అది పైన జిగటగా, అడుగున గట్టి పొరలా ఉంటుంది. కిరోసిన్ జిగటను కరిగిస్తుంది కానీ అడుగు పొరను కరిగించలేదు, అంచుల్లో మెత్తబరచి పెచ్చులుగా రాలుస్తుంది. ఫిల్టర్ పట్టుకోదా అంటారేమో. ఫిల్టర్ పంపు తర్వాత ఉంటుంది, జాలీ పంపుకు ముందే ఉంటుంది. జాలీ మూసుకుపోయాక ఫిల్టర్ ఎంత కొత్తదైనా దాని దాకా చేరడానికి ఆయిలే ఉండదు.

ఇంకో సంగతి. పిస్టన్లు తిప్పే ఇరుసు, అంటే క్రాంక్, తిరిగేటప్పుడు అది కూర్చునే బేరింగుకూ దానికీ మధ్య ఉండేది వెంట్రుక కంటే పలుచని ఆయిల్ పొర. ఆ పొర నిలవాలంటే ఆయిల్‌కు తగిన చిక్కదనం ఉండాలి. కిరోసిన్ కలిపి మనం చేసేది సరిగ్గా ఆ చిక్కదనాన్ని చంపడమే. బోల్టు విప్పగానే కలిపినదంతా కారిపోతుందనుకోవడం కూడా భ్రమే. సన్నటి దారుల్లో, చాంబర్ మూలల్లో కొంత మిగిలి కొత్త ఆయిల్‌లో కలుస్తుంది. మంట విషయం చెప్పనే అక్కర్లేదు. ఇంజిన్ ఆయిల్ ఆవిరి నిప్పు అంటుకోవాలంటే సాధారణంగా 200 డిగ్రీలు దాటాలి, కిరోసిన్‌కు 40 డిగ్రీల దరిదాపులు చాలు. వేడి ఇంజిన్ లోపల ఆ ఆవిరిని నింపుతున్నామని నాకు ఆ రోజు తట్టనే లేదు.

“మా నాన్నగారు ప్రతి ఏడాదీ పోసేవారు, ఏమీ కాలేదు” అనేవాళ్లు ఉంటారు. నమ్ముతాను. లోపల పెద్దగా మడ్డి లేని ఇంజిన్‌కు ఏమీ కాకపోవచ్చు, కానీ దానికి ఈ వైద్యం అవసరమూ లేదు. ఈ చిట్కా పుట్టిన కాలంలో ఆయిల్ అంటే ఒట్టి ఆయిలే, మురికిని శుద్ధి చేసే రసాయనాలేవీ అందులో ఉండేవి కావు. అలాంటి ఆయిల్‌కు ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) వర్గీకరణలో ఎస్‌ఏ అని పేరు. 1930 తర్వాత తయారైన చాలా పెట్రోలు ఇంజిన్లకు అది పనికిరాదని ఆ వర్గీకరణే చెబుతుంది. ఇప్పటి ఆయిల్‌లో ఉండే రసాయనాలు సబ్బులాంటివి. ఒక కొసతో మసి రేణువును పట్టుకుని, రెండో కొసను ఆయిల్‌లో ఉంచి, రేణువులు ఒకదానికొకటి అంటుకోకుండా తేలుస్తాయి. అందుకే మంచి ఆయిల్ త్వరగా నల్లబడుతుంది. నల్లబడిందంటే పని చేస్తోందని. ఆయిల్ మట్టం చూసే పుల్ల, డిప్‌స్టిక్, మీద ఎన్నాళ్లకూ బంగారు రంగే కనబడుతుంటే మురిసిపోనవసరం లేదు.

కిరోసిన్‌కు బదులు ఆటోమేటిక్ గేరుబాక్సు ఆయిల్ కలపమని మరో సలహా తిరుగుతోంది. దానికి శుద్ధి చేసే గుణం ఎక్కువని ప్రచారం. నిజానికి ఆ రసాయనాలు ఇంజిన్ ఆయిల్‌లో కంటే అందులో తక్కువే. దాని గురించి ఇంతకు మించి రాయడం కాగితం దండగ.

అసలు కథ ఇప్పుడు చెబుతాను. నన్ను భయపెట్టిన శబ్దానికీ మడ్డికీ ఏ సంబంధమూ లేదు! మెకానిక్ ఒక రబ్బరు గొట్టం తెచ్చి, ఒక కొస తన చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొసను ఇంజిన్ పొడవునా మెల్లగా జరిపాడు. ఇంజిన్ పైమూత అయిన టాపెట్ కవర్ దగ్గర మామూలు చప్పుడే. పొగ బయటికి పోయే మానిఫోల్డ్ దగ్గరికి రాగానే గొట్టం నా చెవికి అందించాడు. టక్, టక్, టక్. అక్కడి గ్యాస్కెట్, అంటే రెండు భాగాల మధ్య సందు మూసే పలుచని పట్టీ, ఒక మూల కాలిపోయి పొగ చిమ్ముతోంది, పక్కన సన్నటి మసి చార కూడా ఉంది. లోహం వేడెక్కి వ్యాకోచించగానే ఆ సందు మూసుకుంటుంది, శబ్దం ఆగుతుంది. వ్యాకోచం ఎనిమిదో తరగతి పాఠం. గ్యాస్కెట్ మార్చగానే శబ్దం పోయింది. నేను మాత్రం ఊపిరితిత్తుల దగ్గుకు కడుపు కడిగే మందు పోశాను.

మరి మడ్డి ఎందుకు పేరుకుంది? అక్కడా తప్పు నాదే. మా ఇంటి నుంచి కళాశాలకు మూడు కిలోమీటర్లు. ఏళ్ల తరబడి వెళ్లడం మూడు, రావడం మూడు. ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు ఒక లీటరు నీరు పుడుతుంది. చాలా మంది ఈ మాట నమ్మరు, సమీకరణం రాసి లెక్క వేసుకోవచ్చు. అందులో ఎక్కువ భాగం ఆవిరిగా పొగ గొట్టం నుంచి పోతుంది. కొద్దిగా పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి జారి ఆయిల్‌లోకి చేరుతుంది. దూరం నడిస్తే ఆయిల్ బాగా వేడెక్కి ఆ నీరు మళ్లీ ఆవిరై పోతుంది. మూడు కిలోమీటర్లలో రేడియేటర్ నీరు వేడెక్కుతుందేమో కానీ ఆయిల్ వేడెక్కదు.

దీనికి తోడు నా ఇంజిన్‌లో థర్మోస్టాటే లేదు. ఇంజిన్ తగినంత వేడెక్కేదాకా నీటిని రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపే వాల్వు అది. నాకు అమ్మినవారో, వారికి అమ్మినవారో ఇంజిన్ వేడెక్కకూడదని దాన్ని పీకేశారు. ఉష్ణోగ్రత ముల్లు కింది గీత దాటదని నేను నలుగురికీ గర్వంగా చెప్పుకునేదాన్ని. సుమారు 80 నుంచి 90 డిగ్రీల మధ్య పని చేయాల్సిన ఇంజిన్‌ను ఎప్పుడూ చల్లగా ఉంచితే దానికి ఎప్పుడూ చలికాలమే. చల్లగా ఉన్నంతసేపూ పెట్రోలు కాస్త ఎక్కువ తాగుతుంది, అందులో కొంత ఆయిల్‌లో కలుస్తుంది. పైగా లోపలి ఆవిరి బయటికి పోవడానికి ఉన్న బ్రీదర్ గొట్టం మడ్డితో మూసుకుపోయింది. నీరు వస్తోంది, పోయే దారి లేదు. ఇన్ని ఉండగా ఏ చిట్కాతో కడిగినా ఆరు నెలల్లో మళ్లీ అంతే.

చేసిన వైద్యంలో వింత ఏమీ లేదు. చాంబర్, జాలీ విప్పి తీసి, పక్కన పళ్లెంలో పెట్టి బ్రష్షుతో కడిగారు. దేనితో అంటారా? కిరోసిన్‌తోనే. దాని అసలు స్థానం అది. టాపెట్ కవర్ తీసి, కిందికి పోయే కన్నాలకు గుడ్డలు కుక్కి, ప్లాస్టిక్ రేకుతో మడ్డిని గీకి ఎత్తారు. బ్రీదర్ గొట్టం, దాని వాల్వు, థర్మోస్టాట్ కొత్తవి వేశారు. కారుతో వచ్చిన పుస్తకంలో రాసిన గ్రేడు ఆయిల్ పోసి, మొదట 1,000 కిలోమీటర్లకు, తర్వాత 1,500కు, ఆ తర్వాత 2,000కు, ప్రతిసారీ ఫిల్టర్‌తో సహా మార్చాను. మొదటి ఆయిల్ 300 కిలోమీటర్లకే నల్లబడింది, నాలుగోది అంత త్వరగా నల్లబడలేదు. ఇప్పుడు వారానికి ఒకసారైనా అరగంటకు పైగా ఆపకుండా నడుపుతాను. ఎక్కడికి అని మావారు అడిగితే ఆయిల్ వేడి చేయడానికి అంటాను.

శబ్దం తగ్గించే చిట్కాల్లో చిక్కటి ఆయిల్ పోయమన్నది కూడా మీరు వేశారు. అరిగిన బేరింగు చప్పుడు దానితో కొంత మందగిస్తుంది, నిజమే. గేరుబాక్సులో రంపపు పొట్టు పోసి శబ్దం మాయం చేసి బండి అమ్మేసే మోసగాళ్ల కథ పాత మెకానిక్‌లందరికీ తెలుసు. చిక్కటి ఆయిల్ అంత పాపం కాదు కానీ తల మీద దుప్పటి కప్పుకోవడం లాంటిదే. చల్లటి ఉదయం అది పై భాగాలకు చేరడం ఆలస్యమవుతుంది, ఎక్కువ అరుగుదల జరిగేదీ అప్పుడే. ఇంట్లో చేసుకోదగిన పనులు లేకపోలేదు. బెల్టు కీచుమంటే, దూరంగా నిలబడి, బట్టలూ జుట్టూ జాగ్రత్తగా చూసుకుని, దాని మీద కాస్త నీళ్లు చిలకరించండి. కీచు క్షణం ఆగి మళ్లీ మొదలైతే పుల్లీల వరుస చూపించుకోవాలి, ఇంకా పెరిగితే బెల్టు వదులైనట్టు. రబ్బరు గొట్టంతో వినడం ఎవరైనా నేర్చుకోవచ్చు. బరువు లాగేటప్పుడు అడుగు నుంచి దబదబమని లోతైన చప్పుడు వస్తే మాత్రం ఏ చిట్కా పుస్తకమూ తెరవకండి, బండి ఆపండి.

మిమ్మల్ని నేను కోరేది చిన్న సవరణ. వచ్చే ఆదివారం ఆ మూడో చిట్కాను మళ్లీ వేసి, పక్కన “విప్పి తీసిన భాగాలకు మాత్రమే” అని చేర్చండి. నా ఉత్తరం మొత్తానికి చోటు లేకపోతే ఆ నాలుగు మాటలు ఉంచి మిగతాదంతా కత్తిరించండి.

ఇట్లు,
రిటైర్డ్ రసాయనశాస్త్ర అధ్యాపకురాలు