మన కారులాంటిదే ఇంకొకటి

నాచారం,
ఆదివారం.

చిరంజీవి రవికి,

నాన్న దీవించి వ్రాయునది. ఇక్కడ మీ అమ్మ, నేను క్షేమంగా ఉన్నాము. అక్కడ నీవు, అమ్మాయి, చిట్టి క్షేమంగా ఉన్నారని తలుస్తాను. తలవడమే గాని, పంతొమ్మిది రోజులుగా ఆ మాట నీ నోట వినలేదు. ఫోను చేసినప్పుడల్లా "మీటింగులో ఉన్నాను నాన్నా, మళ్ళీ చేస్తాను" అంటున్నావు. ఆ మళ్ళీ ఎప్పుడో తెలియక, శారద కొడుకు రేపు కొండాపూర్ వైపు వస్తున్నాడని విని, మాగాయ సీసాతో పాటు ఈ ఉత్తరం పంపుతున్నాను. సీసాను పడుకోబెట్టవద్దు, నూనె కారుతుంది.

ప్రత్యేకంగా చెప్పవలసిన విషయమేమీ లేదు. మన వాగన్ఆర్ అమ్ముడుపోయింది, ఆ ముచ్చట చెబుదామని కూర్చున్నాను. కంటి ఆపరేషన్ అయిన దగ్గర నుంచి రాత్రిపూట ఎదురు బండ్ల లైట్లు పువ్వుల్లా విచ్చుకుని కనిపిస్తున్నాయి. హబ్సిగూడలో మెట్రో ఎక్కితే రాయదుర్గం దాకా కూర్చునే పోవచ్చు గనుక, ఇక నాకు కారు ఎందుకని అనిపించింది. నిన్ను అడిగి పెడదామనుకున్నాను గాని నీవు మీటింగులో ఉన్నావు, అందుచేత ప్రకటన నేనే పెట్టాను.

"2012 మోడల్, పెట్రోలు, ఒకే యజమాని, 61,000 కిలోమీటర్లు, ధర 2,10,000" అని వ్రాసి, ఎనిమిది ఫోటోలు జతచేసి శనివారం సాయంత్రం పెడితే, రాత్రి తొమ్మిదిన్నరలోపు 43 మంది పలకరించారు. వారిలో ముప్పై మందికి పైగా అడిగినది ఒకటే మాట: "లాస్ట్ ఎంత?" బండి చూడలేదు, తన పేరు చెప్పలేదు, నా పేరు అడగలేదు, లాస్ట్ మాత్రం కావాలి. ఒక కుర్రవాడు "ఏపీ నంబరా అంకుల్, విజయవాడ నుంచి ఎన్ఓసీ తెచ్చుకోవాలా?" అన్నాడు. ఏపీ 29 అంటే మన రంగారెడ్డి తూర్పేననీ, 2014 జూన్ 2కు ముందు ఈ ఊళ్ళో రిజిస్టరైన బండ్లన్నీ ఏపీ బండ్లేననీ, తరువాత టీఎస్, 2024 మార్చి నుంచి టీజీ వచ్చాయనీ నేను విడమరచి చెబుతూ ఉండగానే ఫోను పెట్టేశాడు. కారు అమ్ముతున్నారా, పాఠం చెబుతున్నారా అని మీ అమ్మ అడిగింది.

ధర సరిగా పెట్టానో లేదో చూసుకోవడానికి ఇతరుల ప్రకటనలు కూడా తిరగేశాను. అలా చూస్తూండగా బూడిదరంగు బాలెనో ఒకటి కనిపించింది, 2022 మోడల్. వెనుక ఎడమ తలుపు కింద, మన గేటు గడియ తగిలితే ఎక్కడ పడుతుందో సరిగ్గా అక్కడ, రూపాయి బిళ్ళంత సొట్ట ఉంది. డాష్‌బోర్డు మీద యాదగిరిగుట్ట స్వామి పటం ఉంది. ఈ ఊళ్ళో ఆ పటం ఉన్న కార్లకు కొదవ లేదు గనుక దానిని లెక్కలోకి తీసుకోను. వెనుక సీటులో చిలకపచ్చ అంచు దిండు ఒకటి ఉంది. అటువంటి అంచు గద్వాల చీరలు ఎన్ని ఇళ్ళలో లేవు, ఎంతమంది తల్లులు పాత చీర చింపి దిండ్లు కుట్టలేదు! నంబరు ప్లేటు కనబడకుండా ఎవరో బొటనవేలు అడ్డం పెట్టి ఫోటో తీశారు. లోకంలో మన కారులాంటి కార్లు చాలా ఉంటాయి. ఆ సంగతి ఉండనీ.

నా కథ విను. మరునాడు ఒక పెద్దమనిషి హిందీలో ఫోను చేసి, తాను తిరుమలగిరి కంటోన్మెంటులో పని చేస్తున్నాననీ, ఊరికి బదిలీ అయిందనీ, తండ్రికి ఒక కారు కొనిపెట్టి వెళ్ళాలనుకుంటున్నాననీ చెప్పాడు. తండ్రికి అన్న మాట దగ్గరే నేను సగం పడిపోయాను. యూనిఫాంలో ఫోటో పంపాడు, క్యాంటీన్ కార్డు పంపాడు, ఆధార్ కూడా పంపాడు. రెండు లక్షల పది వేలకు ఒక్క రూపాయి తగ్గించమనలేదు. బేరమాడకుండా కొనేవాడు కొనడానికి రాలేదని మీ తాతయ్య పశువుల సంతలో అనేవారు. ఆ మాట నాకు అప్పుడు గుర్తు రాలేదు, ఇప్పుడు వస్తోంది. సైనికుల ఖాతా నుంచి డబ్బు నేరుగా రాదనీ, ముందు పరీక్షగా పది రూపాయలు తాను పంపే క్యూఆర్ కోడుకు పంపితే ఇరవై తిరిగి వస్తాయనీ చెప్పాడు. పంపాను. నిజంగానే ఇరవై వచ్చాయి! నాకు ఎంత గౌరవం కలిగిందంటే, ఫోనులోనే లేచి నిలబడ్డాను. తరువాత ఇంకొక బొమ్మ పంపి, ఇది స్కాన్ చేసి పిన్ను కొట్టండి, బయానా కింద 25,000 మీ ఖాతాలో పడతాయి అన్నాడు. నాలుగంకెల్లో రెండు కొట్టాను కూడా. మీ అమ్మ బల్ల దగ్గర కూర్చుని కరివేపాకు రెబ్బలు దూస్తూ, తల ఎత్తకుండానే "డబ్బు మనకు రావాలంటే మనమెందుకండీ పిన్ను కొట్టడం?" అన్నది. మింట్ కాంపౌండులో ముప్పై రెండేళ్ళు లెక్కలు సరిచూసిన నాకు తట్టని మాట, ఏనాడూ బ్యాంకు గడప తొక్కని ఆవిడకు తట్టింది. ఫోను కింద పెట్టేశాను. వాడు మళ్ళీ చేసి ఒక సైనికుణ్ణి అవమానిస్తున్నారంటూ కేకలు వేశాడు. పాపం, సైన్యానికీ వాడికీ ఏ సంబంధమూ ఉండదు, ఆ కార్డులన్నీ ఎవరివో. మనకు లాభమే వచ్చింది, పది రూపాయలు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, 2025 అక్టోబరు 1 నుంచి యూపీఐలో మనుషుల మధ్య డబ్బు అడిగే కలెక్ట్ రిక్వెస్టులు ఆపేసినా ఈ క్యూఆర్ బొమ్మల దారి ఇంకా ఉంది. పిన్ను కొట్టడమంటే పంపడమే, రావడం కాదు. ఎప్పుడైనా చేయి జారితే ఆలోచిస్తూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయాలి. నీకు తెలియదని కాదు. కంగారులో ఉన్నప్పుడు తెలిసినవీ తెలియవు.

తరువాత ఇంటికి వచ్చి చూసినవాళ్ళు. భార్య కోసం కొంటున్నామని ఇద్దరు వచ్చారు, ఆ చూసే తీరు మాత్రం భార్య కోసం చూసేవాళ్ళ తీరు కాదు. ఒకడు తలుపుల బీడింగ్ రబ్బరు ఊడదీసి, ఆ అంచు మీద కంపెనీ వేసిన స్పాట్ వెల్డింగ్ చుక్కలు వేలితో తడుముకుంటూ వెళ్ళాడు. చుక్క మాయమైందంటే అక్కడ గుద్దుకుని మళ్ళీ అతికించినట్టట. ఇంకొకడు బానెట్ బోల్టుల మీద రెంచ్ గీతలు ఉన్నాయేమో చూశాడు. ఇంజను నడుస్తుండగా ఆయిల్ మూత తీసి పొగ చిమ్ముతుందేమో చూశాడు. ఆఖరికి టైరు పక్కన ఉన్న నాలుగంకెలు చదివి, "3217 అంకుల్, పదిహేడులో ముప్పై రెండో వారం, ఇవి నాలుగూ తీసి పారేయాల్సిందే" అని పదహారు వేలు కోశాడు. పదమూడేళ్ళు ఆ కారు తోలిన నేను ఆ అంకెలు ఏమిటో ఆ రోజే తెలుసుకున్నాను. 2027లో రిజిస్ట్రేషనుకు పదిహేనేళ్ళు నిండుతాయని ఇంకొంత కోశాడు. చివరకు లక్షా నలభైకి దించి, రెండు వేలు బయానా బల్ల మీద పెట్టి, "ట్రాన్స్‌ఫర్ మేం చూసుకుంటాం, మీరు ఫారాల మీద సంతకాలు పెట్టి ఇచ్చేయండి చాలు" అన్నాడు.

సరిగ్గా అక్కడే లేచాను. బండి పేరు మార్పిడికి వాడే ఖాళీ ఫారం 29, 30 మీద సంతకం పెట్టి ఇచ్చిన మూర్తిగారి గతి ఎరుగుదుము కదా. ఆయన స్కూటరు ఎవరెవరి చేతులు మారిందో తెలియదు, రెండేళ్ళ తరువాత ఉప్పల్ చౌరస్తాలో ముగ్గురు ఎక్కి పోతున్న ఫోటోతో చలాను ఆయన పేరిట వచ్చింది. చలానుతో పోతే మంచిదే. బండి ఎవరినైనా గుద్దితే? రికార్డులో పేరు ఉన్నవాడే యజమాని, నష్టపరిహారం బాధ్యత వాడిదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది, అమ్మేశానన్నా వినదు. అదే రాష్ట్రంలోవాడికి అమ్మితే పద్నాలుగు రోజుల్లో అమ్మినవాడు ఆర్టీఏకు తెలపాలని మోటారు వాహనాల చట్టంలోనే ఉంది. కనుక కొన్నవాడిని వెంట తీసుకుని వెళ్ళి, పేరు మారిందని కంటితో చూసేదాకా నిద్రపోకూడదు. ఫాస్టాగ్ కూడా మూయించాలి, లేకపోతే వాడు ఔటర్ రింగురోడ్డు మీద షికార్లు తిరిగితే టోలు నీ ఖాతాలో పోతుంది. అప్పు మీద కొన్న కారైతే ఇంకా ముందు పని ఉంది. బ్యాంకు బాకీ మొత్తం కట్టి, అభ్యంతరం లేదన్న ఎన్ఓసీ, అప్పు తీరిందన్న ఫారం 35 తీసుకుని, ఆర్సీ మీద బ్యాంకు పేరు కొట్టివేయించాలి. మన వాగన్ఆర్ మీద అప్పు లేదు. మాటవరుసకు వ్రాశాను.

అప్పు అంటే గుర్తుకు వచ్చింది. ఆ బాలెనో ప్రకటనను తరువాత కూడా రెండు మూడు సార్లు చూశాను, ఉబుసుపోక. మొదట 6,90,000 అని ఉంది. రెండు రోజులకు 6,55,000 అయింది. నిన్న రాత్రి చూస్తే 6,20,000, పైన "అర్జెంట్ సేల్" అని తగిలించారు. ఎవరు పెట్టారో గాని చాలా తప్పు పని చేశారు. వారంలో రెండుసార్లు దిగిన ధరను చూస్తూ బ్రోకర్లు కొనరు, వేచి ఉంటారు, ఇంకా దిగుతుందని. అర్జెంట్ అన్న మాట వారికి వినిపించే తీరు వేరు: ఇతనికి గత్యంతరం లేదు, ఆగితే ఐదుకు ఇస్తాడు అని. నాకు ఎవరూ చెప్పలేదు గాని, ఆ ప్రకటనదారు నాకు తెలిసినవాడైతే, ఇప్పుడే దానిని తీసివేసి, పది రోజులు ఊరుకుని, సర్వీసు కాగితాలు, ఇన్సూరెన్సు అన్నీ సిద్ధం చేసుకుని, పాత ధరకే మళ్ళీ పెట్టమంటాను. క్లెయిమ్ చేయనందుకు ఇన్సూరెన్సువారు ఇచ్చే తగ్గింపు, ఆ నో క్లెయిమ్ బోనసు కాగితం కూడా తీసుకోమంటాను. అది బండితో పోదు, మనిషి పేరిట ఉంటుంది, మూడేళ్ళలోపు మళ్ళీ కారు కొంటే పనికివస్తుంది. మళ్ళీ కొనడం అన్నది ఎవరికైనా ఉండేదే కదా.

మొన్న సత్యనారాయణ వ్రతంలో పద్మక్క అల్లుడు, మీ ఆఫీసులో మనుషులను తగ్గిస్తున్నారట అని ఏదో అన్నాడు. అతడు ఏ విషయమూ పూర్తిగా తెలుసుకుని మాట్లాడడు. నేను పట్టించుకోలేదు. మీ అమ్మ మాత్రం ఆ రాత్రి అన్నం సగంలో లేచింది. ఆ బాలెనో సంగతి ఆవిడకు నేను చెప్పలేదు. నీవు కూడా చెప్పకు.

మన కారు కొన్నది ఘట్‌కేసర్ నుంచి వచ్చిన ఒక మాస్టారు. భార్యను, కూతురిని వెంటబెట్టుకుని బస్సులో వచ్చాడు. లాస్ట్ ఎంత అని అడగలేదు, మీకు ఎంత వస్తే బాగుంటుందండీ అని అడిగాడు. ఆయన అడిగిన తీరుకు నేనే తగ్గాను. లక్షా డెబ్బై ఐదుకు ఒప్పుకున్నాము, బ్యాంకు నుంచి బ్యాంకుకే పంపాడు, ఇద్దరమూ ఉప్పల్ ఆర్టీఏకు వెళ్ళి పని ముగించుకుని, బయట చెరొక చాయ్ తాగాము. ఆ అమ్మాయి చిట్టి వయసుదే. వెనుక సీటులో కూర్చుని అద్దం దించింది, ఎత్తింది, మళ్ళీ దించింది. ఆ అద్దం కొంచెం పట్టేస్తుందని చెప్పడం మరచిపోయాను. ఫోను చేసి చెప్పాలి.

ఆ లక్షా డెబ్బై ఐదు వేలు ఖాతాలో ఊరికే పడి ఉన్నాయి. డిపాజిట్ చేయమని బ్యాంకు అమ్మాయి వెంటపడుతోంది. నేను ఇంకా చేయలేదు. నాకు ఇప్పుడు ఖర్చేమీ లేదు. చిట్టి బడి ఫీజు కట్టే నెల ఇదే కదా అని ఊరికే అడుగుతున్నాను. నీ ఖాతా నంబరు పాతదేనా, మారిందా?

రాత్రిళ్ళు పెరుగన్నం తిని పడుకో. ఆ నూడుల్స్ అలవాటు మంచిది కాదు. నీ మొహం గిరిబాబు నిశ్చితార్థం ఫోటోలో బాగా పీక్కుపోయినట్టు ఉంది, వెలుతురు వల్ల అయి ఉండవచ్చు.

ఇంకొక చిన్న విషయం. కొనేవాడు ఎవడైనా తాళం చెవులు రెండూ అడుగుతాడు. ఒక్కటే ఉందంటే దొంగ బండేమోనని అనుమానిస్తాడు, లేదా కొత్తది చేయించుకోవాలని ధర కోస్తాడు. నీ బాలెనో రెండో తాళం చెవి మా దగ్గరే ఉంది. పూజ చేయించిన రోజు నీవు మీ అమ్మ చేతిలో పెట్టినది, బీరువాలో గాజుల పెట్టె వెనుక పసుపు గుడ్డలో అలాగే ఉంది. శారద కొడుకు చేత పంపవచ్చు గాని, పంపను. అటువంటి వస్తువు ఒకరి చేతికి ఇవ్వరాదు. వచ్చే ఆదివారం నీవే వచ్చి తీసుకువెళ్ళు. అమ్మాయిని, చిట్టిని కూడా తీసుకురా, మీ అమ్మ గుత్తి వంకాయ చేస్తానంటోంది. గేటు రెండు రెక్కలూ పొద్దున్నే తీసి ఉంచుతాను, గడియ తగలదు.

ఇట్లు,
నాన్న