వినికిడిని కాపాడే మందు కోసం బహిరంగ లేఖ

గౌరవనీయులైన వైద్య పరిశోధన ఉన్నతాధికారి గారికి,

నమస్కారములు. ఇంతకుముందు పంపిన రెండు విన్నపాలకూ జవాబు రానందున ఈ లేఖను నలుగురి ముందు ఉంచుతున్నాను.

మందులకు లొంగని క్షయకు నెలల తరబడి ఇచ్చిన కనామైసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు మా తమ్ముడి ప్రాణం నిలిపాయి. ఆ మేలు మరువలేదు. కానీ పక్కనే కుక్కర్ కూత వేసినా వాడు తలెత్తడు, అమ్మ పెదవుల వంక చూసి మాట పోల్చుకుంటాడు. ఈ మందు లోపలి చెవిలో శబ్దాన్ని గ్రహించే రోమకణాలను చంపుతుంది, మనుషుల్లో అవి మళ్లీ పుట్టవు.

క్షయకు ఇప్పుడు నోటి మాత్రలు వచ్చాయి నిజమే, అయితే పసికందులకు కనామైసిన్ కోవకే చెందిన, చెవికి అదే ముప్పున్న జెంటామైసిన్ నేటికీ ఇస్తున్నారు. సిస్‌ప్లాటిన్ అనే, చెవిని కూడా దెబ్బతీసే క్యాన్సర్ మందు తీసుకునే పిల్లల వినికిడిని కాపాడేందుకు అమెరికా 2022లో సోడియం థయోసల్ఫేట్‌ను ఆమోదించింది. యాంటీబయాటిక్ బాధితులకు అలాంటి ఆమోదిత మందు లేదు.

కాబట్టి చెవిని కాపాడే మందుల పరీక్షలకు ఈ ఏడాదే నిధులు కేటాయించాలని, అవి ఫలించేదాకా ఈ ఇంజెక్షన్లకు ముందూ మధ్యలోనూ వినికిడి పరీక్షను తప్పనిసరి చేయాలని, లిఖితపూర్వకంగా బదులివ్వాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక రోగి అన్న