నల్లతుమ్మ ఇక ‘అకేసియా’ కాదు

సంపాదకుల వారికి,

2005లో వియన్నా వృక్షశాస్త్ర మహాసభ తుమ్మల శాస్త్రీయ ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) పేరు ‘అకేసియా’ను ఆస్ట్రేలియా చెట్లకు ఇచ్చేసింది. 2011లో మెల్‌బోర్న్ సభ దాన్నే ఖాయం చేసింది. ఆ ప్రజాతికి అప్పటిదాకా ఆధార జాతి (ప్రజాతి పేరు ముడిపడి ఉండే జాతి) అయిన మన నల్లతుమ్మ వాచెలియా నిలోటికాగా, సండ్ర సెనెగాలియా కటేచుగా మారాయి. ఇది అన్యాయమే. కానీ వెనక్కి తిప్పితే ఆస్ట్రేలియాలో దాదాపు వెయ్యి జాతుల పేర్లు మార్చాలి.

నర్సరీ రిజిస్టర్లో ఒట్టి ‘అకేసియా’ అని రాస్తే ఏ విత్తనమో తేలదు. నల్లతుమ్మ కాయ గింజకూ గింజకూ మధ్య నొక్కుకుపోయి ఉంటుంది. ఇప్పటికీ అకేసియాగానే ఉన్న ఆస్ట్రేలియా తుమ్మ కాయ మెలికలు తిరుగుతుంది. గింజలు ఒలిచాక ఆ గుర్తూ పోతుంది. అందుకే సంచి కట్టేటప్పుడే లేబుల్‌పై కొత్త పేరు, పాత పేరు, తెలుగు పేరు మూడూ రాయాలి. పాత రికార్డుల్లో నిలోటికా, కటేచు అనే, మారని రెండో పదంతో వెతికితే చాలావరకు దొరుకుతాయి.

– ఒక వృక్షశాస్త్ర అధ్యాపకుడు