సిరిమాను బొమ్మలు ఆలస్యం కావడానికి కారణం నేనే

మన విజయనగరం పైడితల్లమ్మ పండగలో సిరిమానుకి ముందురోజు వచ్చే తొలేళ్లకి ముందే చేతికిస్తానని చెప్పి సిరిమాను బొమ్మ ప్రింటుకి 38 మంది దగ్గర తలా 300 రూపాయలు అడ్వాన్సు తీసుకున్నాను. ఆ బొమ్మలు ఈ పండక్కి రావు. కార్తీక పౌర్ణమి లోపు ఇస్తాను. ప్రింటింగ్ వాళ్ల తప్పు కాదు, గీసిన మాస్టారి తప్పు అసలే కాదు. డబ్బు వెనక్కి కావాలంటే చీటీ లేకపోయినా రండి, పేరు చూసి ఇచ్చేస్తాను.

జరిగింది ఇది. గంటస్తంభం వెనక సందులో మా ఫ్రేమ్ షాపు మీకు తెలిసిందే. దేవుడి పటాలు, పెళ్లి ఫోటోలు, పోయినవాళ్ల ఫోటోలు, వీటి మీదే మా బతుకు. నాలుగేళ్ల కిందట చిత్రకారుడు తోట వైకుంఠం గారి బొమ్మలు గోడకి పెట్టాక హాల్లో పెట్టుకునే పెయింటింగ్ కావాలని వచ్చేవాళ్లు పెరిగారు. నుదుటి మీద రూపాయి బిళ్లంత బొట్టు, ముక్కుపుడక, నల్లటి నిగనిగల ఒళ్లు, ఎర్ర చీర. మా దగ్గర చాలామంది పేరు చెప్పరు, ‘బొట్టమ్మ బొమ్మ ఒకటియ్యండి’ అంటారు. ఒక మాట దాచకుండా చెప్పాలి. అవి ఆయన అనుమతితో వేసినవి కావు. నెట్లోంచి దించి కాన్వాస్ మీద కొట్టించినవి. తెలిసే అమ్మాను.

ఈ వేసవిలో రిటైరైన డ్రాయింగ్ మాస్టారు ఒకాయన తను గీసిన బొమ్మకి ఫ్రేమ్ కట్టించడానికి తెచ్చారు. ముప్పావు వంతు ఆకాశమే. అందులో ఏటవాలుగా సిరిమాను, అంటే పూజారిని చివర కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను. దాని చివర పూజారి, బొటనవేలంత. చుట్టూ జనం విసిరిన అరటిపళ్లు పసుపు పిట్టల్లా ఎగురుతున్నాయి. కింద జనం లేరు. ఒక మగమనిషి తల వెనక భాగం, నూనె రాసిన జుట్టు, దాన్ని గట్టిగా పట్టుకున్న రెండు చిన్న చేతులు, అంతే. ‘మూడు లాంతర్ల దగ్గర మా నాన్న భుజాలెక్కి చూసింది. ఆరేళ్ల గుంటడికి అంతకంటే ఏటి కనపడతాది?’ అన్నారు.

ప్రింట్లు వేసి అమ్ముదాం, మీ వాటా మీకిస్తానన్నాను. ఆయన గోడకేసి చూసి, ‘ముందవి దింపు, తర్వాత నా సంగతి’ అన్నారు. వైకుంఠం గారి గురించి నాకు తెలిసింది ఆ రోజే. 1942లో కరీంనగర్ వైపు బూరుగుపల్లిలో పుట్టి, బరోడాలో చిత్రకారుడు కె.జి. సుబ్రహ్మణ్యన్ గారి దగ్గర చదువుకున్న మనిషి. చిన్నప్పుడు ఊళ్లోకొచ్చే నాటకాల బృందాల్లో మగవాళ్లే ఆడవేషాలు కట్టడం, వాళ్లమ్మ, ఊళ్లో ఆడవాళ్లు, ఇవే ఆయన బొమ్మల్లోకి వచ్చాయట. ‘ఒకాయన చిన్నతనాన్ని నువ్వు కాగితాల లెక్కన అమ్ముతున్నావు’ అన్నారు మాస్టారు. నాకు కోపమొచ్చింది. రెండ్రోజుల తర్వాత దింపాను.

ఇక అసలు తప్పు. ఫోన్లో తీసిన ఫోటోతో ఒక శాంపిల్ వేయించి షాపులో పెట్టాను. ఆర్డర్లు బాగానే వచ్చాయి. కానీ పాత కస్టమర్లు కొందరు, ‘ఏటి బాబూ, ఇందులో కోట లేదేటి? తెల్ల ఏనుగేదీ?’ అన్నారు. వాళ్లదీ న్యాయమే, సిరిమాను తిరిగేది కోట దాకానే. పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల ముందు నడవకపోతే అది సిరిమాను ఎలా అవుతుంది? నాకు టెన్షన్ పట్టుకుంది. అన్నీ పెట్టెయ్యమని మాస్టారి ప్రాణం తీశాను. ఆయన ఇంకేం మాట్లాడకుండా మూడు వారాలు కూర్చుని, ఆ కాన్వాస్ మీదే, అవును, దాని మీదే, కోట, ఏనుగు, వల, జనం అన్నీ గీసి తెచ్చారు. నాన్న తల జనంలో కలిసిపోయింది. చక్కగా ఉంది, బ్యాంకువాళ్లిచ్చే క్యాలెండర్ లాగ.

మా అమ్మకి రెండూ చూపించాను. కొత్తది చూసి బాగుందంది. శాంపిల్ చూసి, ‘మీ తాత కూడా నూనె ఇలాగే చెవుల మీదికి కారేలా రాసేవాడు, తలగడలన్నీ జిడ్డు’ అని అరగంట తాత కబుర్లే చెప్పింది.

అందుకే పాతదే కావాలని మళ్లీ మాస్టారి గుమ్మం ఎక్కాను. గీస్తానన్నారు. అచ్చం అదే రాదని, తొందర పెడితే అసలు రాదని కూడా అన్నారు. ఆలస్యం అందుకు.

కోట ఉన్నదే కావాలనే ఆరుగురికి డబ్బు ఇచ్చేశాను. వాళ్లలో ఒకాయన ఇంకా నాతో మాట్లాడటం లేదు. ధర 900 మారదు, అందులో 250 మాస్టారికి. గోడ మీంచి దింపిన 11 నకళ్లు తగ్గించి అమ్మను, దయచేసి అడగొద్దు. కాన్వాసులు పీకేసి ఫ్రేములు వేరే పటాలకి వాడుతున్నాను. బయట కొన్న నకలు తెస్తే ఫ్రేమ్ కడతావా అని అడుగుతున్నారు. కడతాను. అంత పట్టుదల నాకింకా రాలేదు.

తొలేళ్ల సోమవారం, సిరిమాను మంగళవారం షాపు మూత. బుధవారం పదింటికి తీస్తాను. మాస్టారి కొత్త పెన్సిల్ స్కెచ్ కౌంటర్ మీదే ఉంటుంది, చూసి వెళ్లండి. కోట ఏదని మాత్రం ఆయన ఉన్నప్పుడు అడక్కండి.