వైరు పీకిన కుర్రాడిది తప్పు కాదు

సంపాదకుడు గారికి,

మొన్న మారతహళ్ళిలో ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్‌కి మా అమ్మను తీసుకెళ్ళాను. కౌంటర్‌లో కుర్రాడు ప్రింటర్ వైరు పీకి ఇంకో పోర్టులో పెట్టాడు. అంతే, కంప్యూటర్ బిగుసుకుపోయింది. పరగడుపున వచ్చిన పెద్దవాళ్ళంతా ముప్పావుగంట అలాగే కూర్చున్నారు. "వైరు ముట్టుకోవద్దన్నానా లేదా!" అని ఓనరు (మా నెల్లూరాయనే) ఆ కుర్రాడినే తిట్టాడు. ఆ కంప్యూటర్ లోపల ఏం జరిగిందో నేను చూడలేదు. కానీ పదమూడేళ్ళుగా లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కి డ్రైవర్లు (ప్రింటర్ లాంటి పరికరాలను కంప్యూటర్‌తో పని చేయించే ప్రోగ్రాములు) రాస్తున్నవాడిని, తప్పు కుర్రాడిదంటే ఒప్పుకోను.

డ్రైవర్‌లో, పరికరం తగిలించినప్పుడు నడిచే కోడ్‌ని ప్రోబ్ అంటాం, తీసేసినప్పుడు నడిచేది రిమూవ్. డెమోలో అందరూ చూసేది ప్రోబ్‌నే. మా ఆఫీసులో ఒక సెన్సర్ బోర్డు పీకితే రెండు సెకన్లలో కెర్నల్ (లైనక్స్‌కి గుండెకాయ లాంటి భాగం) పానిక్ అయ్యేది, అంటే సిస్టమ్ మొత్తం ఆగిపోయేది. రోజంతా వెతికితే తేలిందేమిటంటే, రిమూవ్‌లో మెమరీ ఫ్రీ చేశారు గానీ, రెండు సెకన్లకోసారి రీడింగ్ తీసే టైమర్‌ని ఆపలేదు. ఇల్లు ఖాళీ చేసినవాళ్ళు పాలవాడికి చెప్పకుండా పోయినట్టు, టైమర్ వచ్చి పాత తలుపే తట్టింది. ఫ్రీ చేసే ముందు టైమర్‌ని ఆపే లైను ఒక్కటి చేర్చితే సరిపోయింది. ఆ కోడ్ రాసిందెవరా అని చూస్తే నేనే, 2016లో.

లైనక్స్‌లో ఈ శుభ్రం చేసే పని ఎప్పటినుంచో నడుస్తోంది. డ్రైవర్ తీసుకున్న మెమరీ, ఇంటరప్టులు (పరికరం ప్రాసెసర్‌ని పిలిచే సంకేతాలు) తీసుకున్న వరసకు ఉల్టాగా వాటంతటవే విడుదలయ్యే ఏర్పాటు 2007లోనే వచ్చింది. ఇంకో చిక్కు ఉండేది. రిమూవ్ మధ్యలో "ఇప్పుడు కుదరదు" అని డ్రైవర్ ఎర్రర్ ఇచ్చి వెనక్కి వచ్చేసినా కెర్నల్ పట్టించుకునేది కాదు. పరికరం ఎలాగూ పోయేది, సర్దాల్సింది సగంలో ఉండిపోయేది. అందుకని ఎర్రర్ ఇచ్చే వీలే తీసేశారు: ఐ2సీ (చిప్పులను కలిపే రెండు తీగల లైను) మీది పరికరాల డ్రైవర్లకు 2022లో లైనక్స్ 6.1 వెర్షన్‌లో, ప్లాట్‌ఫామ్ డ్రైవర్లకు (ఎక్కువగా ప్రాసెసర్ చిప్‌లోనే ఇమిడి ఉండే పరికరాలవి) 2024లో 6.11లో. వందలకొద్దీ ఫైళ్ళు మార్చాల్సి వచ్చింది. ఇలాంటి పనికి అప్రైజల్‌లో రేటింగ్ ఇచ్చే మేనేజర్‌ని మా ఐటీ కంపెనీలుండే ఔటర్ రింగ్ రోడ్డులో నేనింతవరకు చూడలేదు.

ఆసుపత్రులకు, బస్సులకు, రేషన్ షాపులకు ప్రభుత్వం కొనే మెషీన్ల టెండర్లలో ఒక్క షరతు చేర్చాలని నా మనవి. మెషీన్ నడుస్తుండగా ప్రతి వైరూ వందసార్లు పీకి పెట్టి చూపించాలి. కంపెనీకి అయ్యే ఖర్చు ఒక బోర్డు, ఒక ఇంటర్న్, ఒక పూట. టెండర్‌లో రాసి లేకపోతే రిలీజ్ డేట్ టెన్షన్‌లో ముందు ఎగిరిపోయేది ఆ పూటే. నేనూ ఎగరగొట్టినవాడినే.

ఇట్లు,
ఒక డ్రైవర్ ఇంజనీరు, బెంగళూరు